ఒకటో తారీఖు ట్యాంకరు

జీతం పడిందని ఫోను టింగుమనగానే అందరూ ఏం చూసుకుంటారో నాకు తెలియదు. నేను మాత్రం ఆ అంకె వైపు కూడా చూడను. ఇంటి బాడుగ, కరెంటు, పాలు, ఇద్దరు పిల్లల స్కూలు ఫీజు, మా ఆయన బండి అప్పు కంతు, గ్యాసు, ఫోన్లు, బ్యాంకులో పెట్టిన గాజుల మీద వడ్డీ, అన్నీ మనసులోనే ఒక్కొక్కటి తీసేసి, ఆఖర్న మిగిలినదాన్ని పట్టుకుని ‘ఇది ఎన్ని ట్యాంకర్ల నీళ్లు?’ అని లెక్క కడతాను. ట్యాంకర్లతో నాకేం పని? మాకు సెంటు భూమి లేదు. ప్రొద్దుటూరులో మూడో అంతస్తులో బాడుగకుంటాం. ఈ పాడు అలవాటు నాకు అంటించిన మనిషి ఇప్పుడు లేడు. పోయిన ఎండాకాలం, మా బట్టల షాపు గుమ్మం పక్కన, తన స్టూలు మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు.

ఆయన పేరు రాయను. రాస్తే పులివెందుల పక్క ఆ ఇంటిపేరు తెలిసినవాళ్ళు ‘అయ్యో, ఆయన ప్రొద్దుటూరులో గుమ్మం దగ్గర నిలబడినాడా’ అంటారు. ఆ మాట చెవిన పడకుండా బతికినన్నాళ్ళూ కాచుకున్నాడు. పోయాక నా చేతుల మీదుగా పడటం నాకిష్టం లేదు. షాపులో మేమందరం పెద్దాయన అనేవాళ్ళం. నేను ఎదురుగా పెద్దనాయనా అని పిలిచేదాన్ని.

నాది బిల్లు కౌంటరు. ఆయన పని గుమ్మంలో నిలబడి జనాన్ని లోపలికి పిలవడం. మిగతా షాపుల ముందు కుర్రవాళ్ళు గొంతు చించుకుని అరుస్తుంటారు. ఈయన అరిచేవాడు కాదు. తెల్ల పంచె, తెల్ల చొక్కా, భుజాన తువ్వాలు, ఆరడుగుల మనిషి. దారిన పోయేవాళ్ళ ముఖంలోకి చూసి, ‘రాండప్పా, రామ్మా, ఎండలో నిలబడినారే, లోపలికి రాండి’ అనేవాడు. పెండ్లింటి వాకిట్లో నిలబడి పిలిచినట్టుండేది. చాపాడు నుంచీ, జమ్మలమడుగు పక్క పల్లెల నుంచీ వచ్చే రైతులు చెప్పులు విడిచి ఆయనకు నమస్కారం పెట్టి మరీ లోపలికొచ్చేవాళ్ళు. షాపు ఆయనదే అనుకునేవాళ్ళు! అసలు ఓనరు, మేం శెట్టి అనేవాళ్ళం, బక్కపలచగా, టీషర్టు వేసుకుని, థాన్లు మడత పెట్టుకుంటూ ఒక మూలనుండేవాడు. శెట్టి ఎప్పుడూ దాన్ని పట్టించుకోలేదు. వ్యాపారం జరుగుతుంటే నమస్కారం ఎవరికి పెడితేనేం అనేవాడు.

మా అందరి జీతాలూ బ్యాంకులో పడతాయి. పెద్దాయన మాత్రం నాకు చేతికే కావాలన్నాడు. చేతికి అన్నాడే గాని, ఏనాడూ చేతికి తీసుకున్నది లేదు. మొదటి నెల శెట్టి నోట్లు లెక్కపెట్టి చెయ్యి చాపి ఇవ్వబోతే, పెద్దాయన రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు.

‘బల్ల మీద పెట్టు శెట్టీ’ అన్నాడు.

శెట్టికి అర్థం కాలేదు. నాకూ కాలేదు. బట్ట కొలిచే బల్ల మీద పెట్టి శెట్టి అవతలికి పోయాక, ఈయన వచ్చి, ఆ నోట్లను సొంత బీరువాలోంచి తీసుకున్నట్టు తీసుకుని, చొక్కా లోపలి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత నేనడిగితే, ‘ఇచ్చే చెయ్యి పైనుంటాది, తీసుకునే చెయ్యి కిందుంటాది పాపా. మా నాయన కాలం నుంచి మా ఇంట్లో చెయ్యి కింద పెట్టింది లేదు’ అన్నాడు. ఇంత పొగరుబోతు మనిషి గుమ్మంలో ఎన్నాళ్ళుంటాడులే అనుకున్నా. ఏండ్లు గడిచినా ఆయన అక్కడే ఉన్నాడు. బల్లమీద పెట్టడం శెట్టికీ అలవాటైపోయింది.

ఇక ఆయన ప్రశ్న సంగతి. ఒకటో తారీఖు మధ్యాహ్నం టీ వేళకు, జనం పలచబడగానే, ఒక్కొక్కరి దగ్గరికీ వచ్చేవాడు. మా పక్క జీతం ఎంతని అడగడం తప్పేమీ కాదు. బస్సులో పక్కన కూర్చున్నవాళ్ళు కూడా అడుగుతారు. ఈయన జీతం అడిగేవాడు కాదు.

‘అన్నీ కట్టినంక చేతిలో ఎంత నిలుస్తాది?’ అనేవాడు.

జీతం చెప్పడానికి నాకేం సిగ్గులేదు. మిగిలేది చెప్పాలంటే మాత్రం ఒంటిమీద బట్ట తీసి చూపించినట్టే ఉంటుంది. మొదటిసారి నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

‘నీకెందుకు పెద్దనాయనా? నువ్వేమన్నా తెచ్చిపెడతావా?’ అన్నాను.

‘యాడ తెచ్చిపెడతా తల్లీ. ఊరికే, తెలుసుకుందామని.’

కోపంతోనే వేళ్ళు మడిచి లెక్క చెప్పడం మొదలుపెట్టాను. చూడు, నా జీతం ఇంత, జమ్మలమడుగులో మందుల షాపులో మా ఆయనకొచ్చేది ఇంత, రెండూ కలిపితే నీ జీతానికి మూడింతలు, ఇక నువ్వు నోరు మూసుకో అన్నట్టు. బాడుగ తీశాను, ఫీజులు తీశాను, కంతు తీశాను. తీస్తూ పోతుంటే నా గొంతు నాకే సన్నబడుతున్నట్టు తెలుస్తోంది. అప్పటిదాకా ఆ లెక్క మొత్తంగా ఎప్పుడూ వేసుకోలేదు. భయంతోనే వేసుకోలేదనుకుంటా. ఆఖరికి మిగిలింది చెప్పాను.

ఆయన ముఖంలో వెటకారం లేదు. నిజంగా, కడుపులోంచి జాలిపడ్డాడు. ‘అయ్యో, అర ట్యాంకరు గూడా రాదే తల్లీ!’ అన్నాడు.

అప్పుడు తెలిసింది నాకు, ఆయన దుడ్లను రూపాయల్లో కొలవడని. ట్యాంకర్లలో కొలుస్తాడు. షోకేసులోని పట్టుచీర నాలుగు ట్యాంకర్లు. సేల్స్‌లో ఉన్న మస్తాన్ కొత్త ఫోను పదకొండు ట్యాంకర్లు. కువైట్‌లో ఉన్న వాళ్ళన్న పంపిందని మస్తాన్ మురిసిపోతుంటే, ‘పదకొండు ట్యాంకర్లు చెవికాడ పెట్టుకుని మాట్లాడతాండావు కదరా నాయనా’ అని తువ్వాలుతో మూతి తుడుచుకున్నాడు. షాపంతా నవ్వింది. ఆయన మాత్రం నవ్వలేదు.

పులివెందుల దగ్గరి పల్లెలో ఆయనకు చీనీ తోట, అదే బత్తాయి తోట, ఉండేది. ఒకప్పుడు లారీలు వచ్చి కాయలు ఎత్తుకుపోయేవట. బోర్లు ఎండిపోయాయి. ఇంకా లోతుకు వేయించాడు. అవీ ఎండిపోయాయి. తోటంతా కట్టెలకు పోయింది. ఒక మూల నలభై చెట్లు మిగిలాయి. వాటికోసం భార్యాభర్తలు ప్రొద్దుటూరొచ్చి, ఒక్క గది బాడుగకు తీసుకుని, ఆయన మా గుమ్మం దగ్గర చేరాడు. నెలకు రెండు ట్యాంకర్లు, వీలైతే మూడు, ఊళ్ళో ట్యాంకరతనికి చెప్పి పోయించేవాడు. ఆదివారం షాపుకు సెలవు గనక తెల్లవారే బస్సెక్కి పోయి, దగ్గరుండి పట్టించి, సాయంత్రానికి వచ్చేవాడు. కాలవ నీళ్లు ఎత్తిపోసి ఆ పక్క చెరువులన్నీ నింపుతున్నారట. ఈయన ఊరి చెరువుకు ఇంకా రాలేదు.

‘వస్తాయి పాపా, నీళ్లొస్తాయి. వచ్చిన పొద్దు చెట్టు ఉండాల గదా’ అనేవాడు. చీనీ చెట్టు నాటిన నాటి నుంచి కాపుకొచ్చేదాకా మనిషి ఎన్నేండ్లు కాచుకోవాలో నాకు చెప్పి, ‘మళ్ళా నాటి మళ్ళా కాచుకునేదానికి నాకు యాడుంది వయసు’ అన్నాడు. అదీ ఆయన గొడవ. ఆ నలభై చెట్లనూ కాలవ వచ్చేదాకా బతికించాలి. అంతకు మించి ఈ లోకంతో ఆయనకు బేరం లేదు.

‘అయినా ఆ పాడు ప్రశ్న ఎందుకు అందర్నీ అడుగుతావు?’ అని ఒకసారి నిలదీశాను.

‘మీకందరికీ నెల ఉండాది పాపా. సేద్యగానికి నెల యాడిది? పంటొచ్చిన పొద్దే ఒకటో తారీఖు. బిల్లులు మాత్రం నెలనెలా వస్తాయి. ముసిలితనంలో నాకు నెల దొరికింది. దీన్నెట్లా వాడుకోవాల్నో నాకు తెలీదు. మీరెట్లా చేస్తాండారో సూసి నేర్చుకుందామని అడుగుతాండా’ అన్నాడు.

నేర్చుకోవడానికి మా దగ్గరేముంది నా తలకాయ! అదే మాట అన్నాను. అయినా అడగడం మానలేదు. శెట్టిని కూడా అడిగేవాడు. శెట్టి నవ్వి తప్పించుకునేవాడు. మూఢం వచ్చి పెండ్లిళ్ళు లేక షాపు వెలవెలబోయిన ఒక నెలలో మాత్రం శెట్టి దాచలేదు. ‘ఏం మిగల్లేదు పెద్దాయనా. మీ జీతాలకూ బ్యాంకు కంతుకూ ఇంట్లోవి తెచ్చి పెట్టినా’ అన్నాడు. పెద్దాయన బయటికి పోయి అందరికీ టీ చెప్పి వచ్చాడు. ‘ఈ పొద్దు మీ అందరికంటే నేనే ఉన్నోన్ని’ అన్నాడు. శెట్టి ఆ టీ తాగుతుంటే నాకు ఆయన ముఖంలోకి చూడబుద్ధి కాలేదు.

ఆయనకు అంతో ఇంతో నిలిచేదంటే దాని వెనక ఇంకో మనిషి ఉంది. ఆయన భార్య మా షాపు చీరలకు ఫాల్ కుట్టేది. ఆయన చీరలు సంచిలో పెట్టుకుని ఇంటికి తీసుకుపోయేవాడు. కుట్టినవాటిని ఆమె తెచ్చి నా కౌంటరు మీద పెట్టేది. కుట్టుకూలి ఆమెకే ఇచ్చేదాన్ని. పొట్టిగా, కళ్ళజోడుతో, మాట మాత్రం కొడవలి.

‘మీ పెద్దాయన నెలకు రెండు ట్యాంకర్లు నిలబెడతాండానని మీతో చెప్పుకుంటాడంట గదా? యాడ నిలబెడతాడమ్మా? బియ్యం నాది, బ్యాళ్ళు నావి, నూనె నాది. నా సూది ఆగితే ఆయప్ప ట్యాంకరు ఆగుతాది’ అంది ఒకసారి, ఆయన వినేటట్టే.

గుమ్మంలోంచి ఆయన, ‘అది నిజమే పాపా’ అన్నాడు.

‘ఆ చెట్ల మాట నా దగ్గర ఎత్తొద్దని చెప్పినా. ఆ మళ్ళో కాలు పెట్టి ఎన్నేండ్లయిందో. పెట్టను గూడా’ అని ఆమె సంచి దులుపుకుని పోయింది. పోతూ పోతూ ఆయన తువ్వాలు కొస గుమ్మానికి తగులుకుని ఉంటే తీసి భుజాన సర్ది మరీ పోయింది.

పులివెందులలో మా పిన్ని కూతురు పెండ్లికి పోయినప్పుడు, ఆదివారం కావడంతో, ఆయన బలవంతం మీద ఆ తోట చూడ్డానికి పోయాను. తోట అంటే ఏముంది, ఎర్రటి ఎండలో ఒక మూల పచ్చగా కొంచెం చోటు. ట్యాంకరు వచ్చి ఆగింది. ఆయన పంచె ఎగ్గట్టి, పైపు భుజాన వేసుకుని, దగ్గరున్న చెట్లన్నీ దాటి, అవతలి గట్టు పక్కకు పోయాడు. అక్కడ ఆకు ముడుచుకుని, సగం కొమ్మలెండిన చెట్టొకటి ఉంది. పైపు దాని పాదులో పెట్టాడు.

‘అది పోయేటట్టుందే పెద్దనాయనా, బాగుండేవాటికి ముందు పట్టకూడదా?’ అన్నాను.

‘బాగుండేవి ఒక పూట ఆగుతాయి పాపా’ అన్నాడు, పైపు కదలకుండా కాలితో తొక్కి పట్టుకుని. నీళ్లు ఎక్కువైతే ఆపమని, తక్కువైతే ఇంకాస్త అని, ట్యాంకరు డ్రైవరుకు చేత్తో సైగలు చేసేవాడు.

ఇంకొకటి చెప్పాలి. చెప్పకపోతే ఆయనెవరో సగమే తెలుస్తుంది.

ఒక ఎండాకాలం, పెండ్లిళ్ళ గిరాకీ జోరుగా ఉన్నప్పుడు, ఆయన ఊరివాళ్ళే ఒక కుటుంబం ఆటో నిండా దిగింది. దూరపు చుట్టాలట. గుమ్మంలో ఈయన్ను చూసి నోళ్ళు తెరిచారు. ‘మామా! ఈ షాపు నీదా? ఊళ్ళో ఒక్కమాట చెప్పకపోతివే!’ అన్నారు. ఆయన అవుననలేదు, కాదనలేదు. ‘రాండప్పా, లోపలికి రాండి’ అన్నాడు, అందరితో అన్నట్టే.

పెండ్లి బట్టలన్నీ తీసుకున్నారు. బిల్లు దగ్గర ఆ ఇంటి పెద్ద, ‘మామ షాపు పెట్టుకుని మాకు ఈ రేట్లేంది?’ అన్నాడు. నేను శెట్టి వైపు చూశాను. శెట్టి పెద్దాయన వైపు చూశాడు. పెద్దాయన గుమ్మం వదిలి నా కౌంటరు దగ్గరికొచ్చి నిలబడ్డాడు. మెడమీద చెమట కాలవ కడుతోంది. ‘పాపా, మనోళ్ళు. నూటికి పది తీసెయ్యి’ అన్నాడు.

శెట్టి మడత పెడుతున్న థాను పక్కనపెట్టి, తల ఊపాడు. తీసేశాను. అది చాలదన్నట్టు ఆ చుట్టం శెట్టిని చూసి, ‘ఏమబ్బీ, ఆ మూటలు కొంచెం ఆటోలో పెడుదువు రా’ అన్నాడు! శెట్టి మూటలెత్తుకుని పోయి ఆటోలో పెట్టి వచ్చాడు. మా శెట్టిని గురించి ఎవరేమన్నా అననీ, ఆ ఒక్క పనికి నేనాయనకు ఈ రోజుకీ దండం పెడతాను.

వాళ్ళు పోయాక షాపులో ఎవరూ ఆ సంగతి ఎత్తలేదు. ఒకటో తారీఖున శెట్టి ఎప్పటిలాగే జీతం బల్లమీద పెట్టాడు. పెద్దాయన తీసుకుని, విడదీసి, తగ్గించిన మొత్తం మళ్ళీ బల్లమీదే పెట్టాడు.

‘వద్దు పెద్దాయనా. నేనేమన్నా అడిగినానా?’ అన్నాడు శెట్టి.

‘నన్ను సూసి వచ్చినోళ్ళకు నేను తగ్గించినా. నువ్వెందుకు పోగొట్టుకుంటావు?’

శెట్టి తీసుకోలేదు. ఈయనా తీసుకోలేదు. ఆ నోట్లు సాయంత్రం దాకా ఫ్యాను గాలికి కదులుతూ బల్లమీదే ఉన్నాయి. షట్టరు దించేముందు నేనే వాటిని తీసి గల్లాపెట్టెలో వేశాను.

ఆ నెల ట్యాంకరు పోలేదు. మండుటెండలు. ఆ మరుసటి ఒకటో తారీఖున ఆయన ఎవర్నీ ఏమీ అడగలేదు. నేనే, ‘ఏం పెద్దనాయనా, ఈసారి నా లెక్క వద్దా?’ అన్నాను. ‘గట్టుపక్క మూడు పోయినాయి పాపా. నువ్వు సూసిందొకటే నిలిచింది’ అన్నాడు. అంతే అన్నాడు. చీరలివ్వడానికొచ్చిన ఆయన భార్య మాత్రం ఊరుకోలేదు. ‘చుట్టాల పెండ్లికి మూడు చెట్లు చదివించినాడమ్మా మీ పెద్దాయన’ అంది. అని, కళ్ళజోడు తీసి కొంగుతో చాలాసేపు తుడిచింది.

ఆయన పోయినరోజు గురించి నేనెక్కువ రాయలేను. నెలాఖరు. మిట్టమధ్యాహ్నం. ఎవరో ఆడవాళ్ళు గుమ్మంలో ఆగి, ‘ఈయప్ప రమ్మనకుండా అట్లే సూస్తాండాడేంది’ అన్నారు. నేను కౌంటరు దాటి వచ్చేసరికి తువ్వాలు భుజం మీదనుంచి జారిపోయి ఉంది. ఊరికి తీసుకుపోయి, ఆ తోట చేన్లోనే పూడ్చిపెట్టారు.

దినాల రోజు శెట్టి నన్ను పిలిచి ఆయన ఆఖరి నెల జీతం ఇచ్చి పంపాడు. ఎంత కలిపాడో నేను చెప్పను, ఎక్కువే కలిపాడు. నేను పోయేసరికి ఊళ్ళో వాళ్ళ ఇంటిముందు పందిట్లో ఆకులెత్తుతున్నారు. తిరుపతి నుంచొచ్చిన వాళ్ళ కూతురు గిన్నెలు సర్దుతోంది. ఆయన భార్య నులక మంచం పట్టె మీద కూర్చుని ఉంది. నేను కవరు తీసి, అలవాటు కొద్దీ, ఆమె పక్కన మంచం మీద పెట్టాను.

ఆమె దాన్ని చూసింది. నన్ను చూసింది. ‘అది ఆయప్ప పద్ధతి’ అంది. చెయ్యి చాపింది. ‘నా చేతికియ్యి తల్లీ.’

కవరు తీసి ఆమె చేతిలో పెట్టాను. సూదిపోట్లతో గట్టిపడిన వేళ్ళు. నాకు ఏడుపు ఆగలేదు. ఆమె ఏడవలేదు. కవరు విప్పలేదు.

‘రూము బాడుగ ఒక నెలది ఇయ్యాల. కరెంటు ఇయ్యాల. ఈ దినాలకు అంగడి నుంచి తెచ్చిన సామాను ఉండాది, పాలోనికి ఉండాది’ అని ఒక్కొక్కటీ ఎంతెంతో చెప్పి, ‘అవన్నీ పోను ఎంత నిలుస్తాదో నువ్వు సూసి చెప్పు. ఆయప్పకు చెప్తాంటివి గదా’ అంది.

చెప్పాను.

‘ట్యాంకరు వస్తాదా?’

‘రెండు వస్తాయి పెద్దమ్మా.’

‘ఒకటి ఇప్పుడు పిలిపించు.’

కూతురు గిన్నె వదిలేసి వచ్చింది. ‘ఈ పొద్దు ఏందిమా? జనం ఏమనుకుంటారు? నాయన దినం పెట్టుకుని! రేపు పట్టిద్దాంలే’ అంది. పందిట్లో ఉన్న ముసలివాళ్ళు కూడా ఆగమన్నారు.

‘ఆయప్ప దినమని చెట్లకు తెలుస్తాదా?’ అని ఆమె లేచి నిలబడింది.

తోట దగ్గరికి ట్యాంకరు వచ్చేసరికి ఎండ కొంచెం తగ్గింది. ఆ డ్రైవరు నన్ను గుర్తుపట్టాడు. ఎక్కడ మొదలుపెట్టాలో ఆమెకు తెలియదు గదా, చూపిద్దామని నేను గట్టు వైపు అడుగు వేశాను. ఆమె నన్ను దాటుకుని పోయింది. ఎన్నో ఏండ్లుగా కాలుపెట్టనన్న మడి అది. పచ్చగా ఉన్న చెట్ల మధ్యనుంచి, ఒక్కదాని వైపు కూడా చూడకుండా, పైపు ఈడ్చుకుంటూ, కొత్త మట్టి పోసి ఉన్న చోటును చుట్టి, గట్టుపక్క ఆకు ముడుచుకున్న ఆ చెట్టు దగ్గరికే పోయి, పాదులో పెట్టి, కాలితో తొక్కి పట్టుకుంది.

‘నీకెట్లా తెలుసు పెద్దమ్మా?’ అన్నాను.

‘ఆదివారం ఇంటికొస్తానే అదే గదా చెప్తాండె. వద్దు మొర్రో అన్నా చెప్తాండె’ అంది. ఇంకాస్త నీళ్లు వదలమని డ్రైవరుకు చేత్తో సైగ చేసింది. అప్పుడు ఏడ్చింది. ఏడుస్తూనే, మా వెనకే వచ్చి దగ్గరి చెట్ల వైపు పైపు తిప్పబోయిన కూతురి మీద కేకేసింది.

‘దీనికి కానియ్యి ముందు! అవి ఒక పూట ఆగుతాయి.’